కంఠస్వరము - రాజకీయ ప్రసంగము: ఒక పరిశోధనపై విమర్శ

నాయకుల మాటలను పత్రికలు అచ్చువేయగలవు కాని, వారు పలికిన తీరును అచ్చువేయజాలవు. ఆ తీరును కొలిచి చూచిన పరిశోధనలలో బీటీ, కట్లర్, పియర్సన్ అనువారు 1982 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము పేరుపొందినది. నాటి బ్రిటిష్ ప్రధాని మార్గరెట్ థాచర్ మాట్లాడుచుండగా ఇతరులు అంత తరచుగా అడ్డువచ్చుటకు కారణమేమి? ఇదియే అందలి ప్రశ్న.

గొంతులోని స్వరతంతువులు సెకనుకు ఎన్నిమార్లు కంపించునో ఆ సంఖ్యయే స్వరపు పౌనఃపున్యము. సామాన్యముగా ఇది పురుషులలో 120, స్త్రీలలో 200 ప్రాంతమున ఉండును. మాట ముగియునపుడు ఇది బాగుగా క్రిందికి దిగును. గొంతు బిగ్గరతనమును తగ్గును. దీనినిబట్టియే శ్రోత తన వంతు వచ్చినదని గ్రహించును.

1979 ఎన్నికలకు ముందు ఆమె టెలివిజన్‌లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూ నుండి పరిశోధకులు చిన్న చిన్న భాగములను తీసి, ఆ సంభాషణతో సంబంధము లేనివారి ముందుంచిరి. ఆమె మాట ముగిసినదా, లేదా అని అడిగిరి. ఇంటర్వ్యూ చేయువాడు అడ్డుతగిలిన చోట్ల పెక్కింటిలో ముగిసినట్లే తోచుచున్నదని వారు చెప్పిరి. స్వరమును కొలువగా, ఆ చోట్లలో పౌనఃపున్యము ముగింపులో వలెనే వేగముగా పడిపోవుట కనిపించినది. ఆమెకు తెలియకయే ఆమె స్వరము వంతును వదలుకొనుచున్నట్లు సూచించుచున్నదని వారు భావించిరి.

మనుష్యుల తీర్పును, పరికరపు కొలతను ఒకదానితో ఒకటి సరిపోల్చుట ఈ పరిశోధనలోని గొప్ప సుగుణము. స్వరమునుబట్టి వక్త మనస్సును, శీలమును చదువబోవుట ఇందు లేదు. కాని ఆధారము ప్రధానముగా ఒక్క ఇంటర్వ్యూ. అంతకన్న ముఖ్యమైన లోపము ప్రశ్నలోనే కలదు. ఇతర నాయకులకన్న ఆమెకే ఎక్కువ అడ్డువచ్చిరనుట నిజమేనా?

బుల్, మేయర్ అనువారు 1987 ఎన్నికల నాటి ఎనిమిది ఇంటర్వ్యూలను పరిశీలించి 1988లో ఫలితములను ప్రకటించిరి. థాచర్‌కును, ప్రతిపక్ష నాయకుడు కిన్నక్‌కును అడ్డువచ్చుటలో చెప్పుకోదగిన భేదము వారికి కనిపించలేదు. తనకు అడ్డువచ్చుచున్నారని ఆమె పలుమారు ఆక్షేపించుటచే అట్టి భావన కలిగియుండునని వారు తలచిరి.

దీనివలన 1982 నాటి కొలతలు తప్పు కావు. ఆ చోట్ల స్వరము పడిపోయినమాట అట్లే నిలిచియున్నది. అయితే ఒక ఇంటర్వ్యూలోని ఫలితమును పట్టుకొని, ‘లోపమంతయు ఆమె గొంతులోనిదే’ అని నిర్ణయించుట చెల్లదు. అట్లు చేసినచో, అడ్డుతగిలినవాని బాధ్యత మరుగునపడి, మాట్లాడు స్త్రీపైననే నింద పడును. కారణము వెదకుటకు ముందు విషయము నిజమో కాదో లెక్కించి చూడవలెనని విద్యార్థులకు బోధించుటకు ఈ రెండు పరిశోధనలను ప్రక్కప్రక్కన ఉంచి చూపుట మంచి పాఠము.