వార్తాశాస్త్రదృష్టితో గోలకొండ కవుల సంచిక

రాజ్యమునకును ప్రజకును నడుమ మాట యెట్లు సాగును, ఎక్కడ నిలిచిపోవును, ఎవరి నోట మారును అని విచారించు శాస్త్రమొకటి గత శతాబ్దమున పాశ్చాత్యదేశములందు వర్ధిల్లినది. 1927లో హెరాల్డ్ లాస్‌వెల్ మొదటి ప్రపంచయుద్ధకాలపు ప్రచారతంత్రమును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1940లో అమెరికా అధ్యక్షుని యెన్నిక జరుగునపుడు పాల్ లాజర్స్‌ఫెల్డును ఆయన సహచరులును ఒహాయో రాష్ట్రమందలి ఈరీ మండలమున 600 మందిని మరల మరల ప్రశ్నించిరి. పత్రికలును రేడియోయును చెప్పు మాట పలువురకు నేరుగా గాక, వానిని చదివి విను కొందరి నోట చేరుచుండునని 1944లో సూచించిరి. నేడీ పరిశోధన విశ్వవిద్యాలయములందు గౌరవప్రదమగు వృత్తి. మన యుస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ 1954లో ఏర్పడినది. దానికి ముందటి సంవత్సరమే, 1953 ఆగస్టు 25న, సురవరము ప్రతాపరెడ్డిగారు దివంగతులైరి. ఆచార్యపీఠము నెక్కకయే ఆ శాస్త్రమునకు జెందిన పని చేసినవారాయన యని నిరూపించుటయే యీ వ్యాసోద్దేశము.

రెడ్డిగారు 1896లో జన్మించిరి. ఆలంపుర ప్రాంతమందలి ఇటికాలపాడు వారి స్వగ్రామము. మా కొత్తకోటకు పొరుగైన వనపర్తి నుండియే 1952లో శాసనసభకు ఎన్నికైరి. వారి కాలపు స్థితిని స్మరింపవలయును. నిజాము రాష్ట్రమున తెలుగు మాటలాడువారు తక్కిన యే భాషవారికంటెను అధికులు. రాజభాష మాత్రము ఉర్దూ. 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయమందును బోధనభాష అదియే. 1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని యధ్యక్షతన జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపగా సభ్యులు గేలిచేసిరి. ఆ యవమానమే ఆంధ్రజనసంఘమునకు బీజమైనది. సొంత రాజధానిలో సొంత మాటకు వినువారు లేని ప్రజకు 1926 మే 10న ఆరంభమైన గోలకొండ పత్రిక నోరైనది.

ఇక సంచిక సంగతి. ఈ రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాటకు ప్రత్యుత్తరముగా 1934లో 354 మంది కవులను జూపుచు రెడ్డిగారు దానిని ప్రకటించిరి. పండితులు దీనిని పౌరుషగ్రంథమని మెచ్చుకొందురు. పద్యముల గుణదోషములను మాత్రము విచారింతురు. నా మనవి వేరు. లేరను మాటకు హేతువు కవుల యభావము గాదు, వారి మాట సాగు మార్గము లేకుండుట. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములలో కవులకు ఆదరణ యుండెను. కాని సభలో చదివిన పద్యము పెక్కుసారులు సభతోనే ముగియుచుండెను. అచ్చుకూటములును పత్రికలును విరివిగా నున్నవి మదరాసు, బెజవాడ, రాజమహేంద్రవరములందు. అచ్చులో గానరానిది లేనిదేయని దూరస్థుడు తలచెను. రెడ్డిగారు తిట్టునకు తిట్టు బదులీయక, ఆ తెగిన మార్గమునే కట్టి చూపిరి. ఎవరు ఎక్కడ నున్నారని లెక్కించి చూపుటయే పరిశోధకధర్మము.

అయినను సంచికయందొక లోపము కలదు. అందు గణనకెక్కినది ప్రధానముగా పద్యము. పల్లెలో వార్తను మోసినది పద్యమా? మగ్గము కడ, సంతలో, తిరునాళ్లలో పాటయు, కథయు, సామెతయు మోసినవి. ఆ పాడినవారు అక్షరాస్యులు గామి లెక్కలోనికి రాలేదు. లేరను మాటను ఖండించిన గ్రంథమే మరికొందరిని లేనివారివలె విడిచెననుట కఠినమే కాని యసత్యము గాదు. ఈ కొరత రెడ్డిగారికి దెలియకపోలేదని 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వలన నూహింపవచ్చును. అందు రాజుల యుద్ధములను వెనుకకు నెట్టి, సామాన్యుల తిండి, బట్ట, ఆట, వేడుకలను వెదకిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ యా గ్రంథమును సత్కరించినది. కాని యక్కడను సాక్షి పెక్కుచోట్ల కావ్యమే. అనగా రైతును గూర్చి కవి చెప్పినది వినుచున్నాము గాని, రైతు చెప్పినది గాదు.

లాజర్స్‌ఫెల్డు ఇంటింటికి పోయి యడిగెను. రెడ్డిగారు వ్రాతను వెదకిరి. ఒకరిది జీవించియున్నవారి నోరు, ఒకరిది నిలిచియున్న వ్రాత. అయినను ప్రశ్న యొక్కటియే: ఎవరి మాట ఎవరికి వినబడుచున్నది? గోలకొండ పత్రిక మా పల్లెలకు వచ్చినప్పుడు దానిని చదివి వినిపించినదెవరు, చుట్టు కూర్చుండినదెవరు, విన్న దానిని సంతకు గొనిపోయినదెవరు? ఈరీ మండలమును గూర్చి మన విద్యార్థులు పరీక్షలలో వ్రాయుచున్నారు. తమ తాతల యరుగును గూర్చి వ్రాయలేరు. వినిన తరము దాదాపు గడచిపోయినది. మిగిలిన వృద్ధుల నడిగి, పాఠశాలల పండితులు తమ తమ గ్రామముల సంగతి వ్రాసియుంచిరేని, సంచికలో విడువబడినవారి పట్టిక యారంభమగును. రెడ్డిగారి గ్రంథమునకు చేయదగిన సత్కారము, వారు నిలిపిన చోటినుండి లెక్కను ముందునకు సాగించుటయే.