నవగ్రహ సంఖ్యాయంత్రాలు: గ్రహయజ్ఞం నుండి రాగిరేకు వరకు

వ్యాససంగ్రహం: జ్యోతిష పరిహారాలుగా వాడుకలో ఉన్న నవగ్రహ సంఖ్యాయంత్రాల నిర్మాణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధర్మశాస్త్రం చెప్పిన గ్రహశాంతితో వాటిని పోల్చి, పరిహారం అనే భావనలో వచ్చిన మార్పును విమర్శిస్తుంది.

కీలకపదాలు: యంత్రం, గ్రహశాంతి, మాయాచతురస్రం, మండలం, దానం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో పిండిమరా యంత్రమే, మెడలోని తాయెత్తులో చుట్టిపెట్టిన రేకూ యంత్రమే. అదుపులో ఉంచడం అనే అర్థమున్న ‘యమ్’ ధాతువు నుండి ఈ పదం ఏర్పడింది. సూర్యసిద్ధాంతంలో యంత్రమంటే కాలాన్నీ ఆకాశాన్నీ కొలిచే సాధనం. తంత్రశాస్త్రంలో దేవతను ఆవాహన చేసే రేఖాకృతి. నేటి పరిహార జ్యోతిషంలో మాత్రం అది గ్రహదోషాన్ని తొలగిస్తుందని చెప్పి ఇచ్చే వస్తువు. ఏలినాటి శని నడుస్తున్నదని విన్న కుటుంబం శనియంత్రాన్ని ఇంటికి తెచ్చుకుంటుంది. కూతురి జాతకంలో కుజదోషం ఉన్నదని విన్న తండ్రి కుజయంత్రం వేయిస్తాడు. ఆ రేకు మీద ఏమి రాసి ఉన్నదో చదివేవారు అరుదు. దానిని ఒక పాఠంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంఖ్యాయంత్రాల నిర్మాణం

విస్తృత ప్రచారంలో ఉన్న నవగ్రహ యంత్రాలు తొమ్మిది గడుల చదరాలు. సూర్యయంత్రంలో పై వరుసలో 6, 1, 8. నడిమి వరుసలో 7, 5, 3. కింది వరుసలో 2, 9, 4 ఉంటాయి. అడ్డంగా, నిలువుగా, మూలగా ఎటు కూడినా 15 వస్తుంది. ఈ చదరంలోని ప్రతి అంకెకూ 1 కలిపితే చంద్రయంత్రం వస్తుంది. దాని మొత్తం 18. మరొక 1 కలిపితే కుజయంత్రం, మొత్తం 21. ఈ విధంగా బుధునికి 24, గురునికి 27, శుక్రునికి 30, శనికి 33, రాహువుకు 36, కేతువుకు 39 వస్తాయి.

అంటే ఇవి తొమ్మిది యంత్రాలు కావు. ఒకే యంత్రానికి తొమ్మిది మెట్లు. 1 నుండి 9 వరకు గల అంకెలతో ఇటువంటి చదరం, తిప్పి రాసినవీ అద్దంలోవలె తారుమారు చేసినవీ మినహాయిస్తే, ఒక్కటే సాధ్యం. ఈ మెట్ల క్రమం గ్రహాల దూరాన్ని గాని, గమనాన్ని గాని, దశాసంవత్సరాలను గాని అనుసరించదు. ఆదివారం నుండి శనివారం వరకు వారాల వరుస, ఆపై రాహుకేతువులు, అంతే. శనియంత్రంలో శనికి మాత్రమే చెందిన లక్షణం ఏదని అడిగితే, వారాలలో శనివారం ఏడవది అన్న సమాధానం ఒక్కటే మిగులుతుంది.

3. సంకేతం, సంప్రదాయం

ఇతర సంప్రదాయాలతో పోల్చినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 1533లో వెలువడిన అగ్రిప్పా గ్రంథంలో మొత్తం 15 వచ్చే ఇదే చదరం శనికి చెందింది. అక్కడ సూర్యునిది 36 గడుల చదరం. దాని వరుస మొత్తం 111. ఒకే అమరిక ఒక చోట సూర్యుడు, మరొక చోట శని. కాబట్టి అర్థం అంకెలలో లేదు. వాటిని చదివే సమాజపు ఒప్పందంలో ఉన్నది.

మన శాస్త్రకారులు ఈ చదరాలను ఎరుగనివారు కారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో, ఎటు కూడినా 18 వచ్చే 16 గడుల చదరాన్ని చెప్పాడు. అయితే అది చెప్పింది గంధయుక్తి ప్రకరణంలో, సుగంధద్రవ్యాల పాళ్లు కలిపే పద్ధతిగా. నారాయణ పండితుడు 1356 నాటి గణితకౌముదిలో ఇటువంటి చదరాలను భద్రగణితం పేరుతో గణితంగానే వివరించాడు.

4. గ్రహయజ్ఞంలో ఆకృతి స్థానం

యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలోని గ్రహశాంతి వేరొక లోకం. అక్కడ సూర్యునికి రాగి, చంద్రునికి స్ఫటికం, కుజునికి రక్తచందనం, శనికి ఇనుము ప్రతిమాద్రవ్యాలు. ప్రతిమలు లేకపోతే వారి వారి రంగులతో వస్త్రం మీద రాయవచ్చు. గంధంతో మండలాలు గీయవచ్చు. జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ సమిధలు. చివరికి భోజనం, దక్షిణ. నేటికీ నవగ్రహ పూజలో సూర్యునికి వర్తులం, చంద్రునికి చతురస్రం, కుజునికి త్రికోణం, బుధునికి బాణం, శనికి విల్లు, రాహువుకు చేట, కేతువుకు ధ్వజం మండలాకృతులుగా చెప్తారు.

ఈ ఆకృతులలో ప్రతి గ్రహానికీ తనదైన రూపం ఉన్నది. అవి పూజ కోసం పరచిన స్థలాలు. పూజ ముగిసి ఉద్వాసన చెప్పాక వాటి పని తీరిపోతుంది. పరిహారం అక్కడ ఒక క్రియ. ఆ క్రియ కర్త చేతిలోని అన్నాన్ని, వస్త్రాన్ని, ధనాన్ని మరొకరికి చేరుస్తుంది.

5. ఒక ఆక్షేపం

యంత్రానికి శక్తి అంకెల వల్ల కాదు, ప్రాణప్రతిష్ఠ వల్ల, మంత్రజపం వల్ల వస్తుందని ఉపాసకులు అనవచ్చు. ఇది తోసిపుచ్చవలసిన మాట కాదు, శాస్త్రదృష్టిలో సమంజసమైనదే. అయితే దానిని అంగీకరిస్తే ప్రధానం కర్మ అవుతుంది, రేకు ఉపకరణం అవుతుంది. అచ్చులో ఒకే పోతగా తయారై, కొన్నవాని చేత ఏ నియమాన్నీ కోరకుండా చేతులు మారే రేకును ఈ వాదం సమర్థించలేదు. కష్టంలో ఉన్న మనిషికి అది ధైర్యం ఇస్తుందన్నదీ నిజం కావచ్చు. కాని ఫలితం రానప్పుడు తప్పు ఆ మనిషి నమ్మకం మీదికే నెట్టబడుతుంది. మరింత ఖరీదైన మరొక యంత్రం సూచించబడుతుంది. పెళ్లి ఆలస్యమైన ఆడపిల్ల ఇంట ఈ భారం ఎంతటిదో వేరే చెప్పనవసరం లేదు.

6. ముగింపు

సంఖ్యాయంత్రం అందమైన గణితం. దానిని అలాగే పిల్లలకు నేర్పితే సంతోషించవలసిందే. గ్రహశాంతి గ్రంథాలలో గ్రహాలు నిజంగా మనిషిని పీడిస్తాయా అన్న ప్రశ్నను పక్కన పెట్టినా, ఆ గ్రంథాలు పీడితునితో చేయించినది గమనించదగినది: తన దుఃఖంలోనూ మరొకరికి పెట్టమన్నాయి. రాగిరేకు ఆ దానాన్ని కొనుగోలుగా మార్చింది. ఇచ్చే చేయి తీసుకునే చేయి అయింది. సంప్రదాయం పేరుతో జరుగుతున్న ఈ మార్పును గుర్తించడానికి సంప్రదాయాన్ని విడిచిపెట్టనవసరం లేదు. దాని గ్రంథాలను చదివితే చాలు.