యజమానా, ధర్మకర్తా? స్పెక్ట్రం వ్యాజ్యాలలో ప్రభుత్వ న్యాయవాది వాదభాష: ఒక విమర్శ

స్పెక్ట్రం వ్యాజ్యాల గురించి మన పత్రికలు రాసినదంతా ఎక్కువగా కుంభకోణం, నష్టం, రద్దు అనే మూడు మాటల చుట్టూ తిరిగింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ తీర్పులను చదివేది వాటిలోని నిర్ణయసూత్రం కోసం. ఈ రెండు పఠనాలలోనూ ఒక పాత్ర కనుమరుగైంది. కేంద్రప్రభుత్వం తరఫున లేచి నిలబడి, ఆ ప్రభుత్వం ఎవరో, ఏ హోదాలో మాట్లాడుతున్నదో న్యాయస్థానానికి చెప్పవలసిన సీనియర్ న్యాయవాది పాత్ర అది. ఆయన తన కక్షిదారును వర్ణించడానికి వాడిన పదాలు మూడు దశాబ్దాలలో ఎలా మారాయో, ఆ మార్పులో ఏది జారిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విషయానికి ముందు స్పెక్ట్రం స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఒకే ప్రాంతంలో ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ప్రసారం చేస్తే ఒకరి సంకేతం మరొకరికి అడ్డుపడుతుంది. అందుచేత ఎవరో ఒకరు పంపకం చేయక తప్పదు. అయితే ఇది బొగ్గు వంటిది కాదు, వాడినంత మాత్రాన తరిగిపోదు. గడువు తీరగానే యథాతథంగా తిరిగివస్తుంది. కాబట్టి ‘అమ్మకం’ అన్న మాట దీనికి సరిగా అతకదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నాలుగవ సెక్షను కూడా ఆస్తి గురించి మాట్లాడలేదు. టెలిగ్రాఫులను నెలకొల్పి నడిపే ప్రత్యేకాధికారం ప్రభుత్వానిదనీ, ఆ అధికారాన్ని లైసెన్సు ద్వారా ఇతరులకు ఇవ్వవచ్చుననీ మాత్రమే చెప్పింది. వలస ప్రభుత్వానికి కావలసింది అధికారం. యాజమాన్యం గురించిన ప్రశ్న ఆ తరువాత పుట్టినదే.

ఆ ప్రశ్నను సూటిగా ముందుకు తెచ్చింది క్రికెట్. 1993 హీరో కప్ ప్రసార హక్కులపై బెంగాల్ క్రికెట్ సంఘానికీ, సమాచార ప్రసారాల మంత్రిత్వశాఖకూ నడిచిన వివాదంలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. తరంగాలు పరిమితమైనవి కనుక వాటిపై నియంత్రణ ప్రభుత్వానిదేనన్నది ప్రభుత్వపక్షం వాదనకు కేంద్రం. న్యాయస్థానం ‘పరిమితం’ అన్న ఆధారాన్ని అంగీకరించి, దాని నుంచి వేరొక ఫలితాన్ని రాబట్టింది. పరిమితమైనది కాబట్టే అది ప్రజల ఆస్తి, ప్రజల ఆస్తి కాబట్టే దానిని ప్రభుత్వశాఖ చేతిలో కాక స్వతంత్ర సంస్థ చేతిలో ఉంచాలి అన్నది. ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాసిన అభిప్రాయం ఇక్కడ ప్రత్యేకంగా గమనింపదగినది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అన్న ఆయన నిర్ధారణను అందరూ ఉదాహరిస్తారు. భావప్రకటనా స్వేచ్ఛలో ఆ తరంగాలను వాడుకునే ప్రైవేటు హక్కు ఇమిడి లేదని అదే అభిప్రాయంలో ఆయన చెప్పిన భాగాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు. ఆయన ‘ప్రజలు’ అన్నప్పుడు ఆ మాటకు అర్థం ప్రభుత్వమూ కాదు, కంపెనీ కూడా కాదు. ఈ రెండు నిరాకరణలను కలిపి చదివితేనే ఆ తీర్పు బరువు తెలుస్తుంది.

తరువాత 1997లో ట్రాయ్ ఏర్పడింది. కానీ స్పెక్ట్రం కేటాయింపులో దానికి దక్కింది సిఫార్సు చేసే పని. కేటాయించే చేయి శాఖదిగానే మిగిలింది. స్వతంత్ర సంస్థ అన్న ఆదేశం కేటాయింపు దాకా రాలేదు.

2012 ఫిబ్రవరి 2న వచ్చిన 2జీ తీర్పులో కీలకపదం ‘ట్రస్టీ’. తెలుగులో దీనికి మనం వాడే ‘ధర్మకర్త’ అన్న మాట ఈ సందర్భంలో అనువాదమాత్రంగా మిగలదు. దేవస్థానాల ధర్మకర్తల మండళ్లను చూసిన సమాజం మనది. ఆస్తి దేవుడిది, నిర్వహణ ధర్మకర్తది. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం దేవుడి మాన్యాన్ని అన్యాక్రాంతం చేయాలంటే కమిషనరు ముందస్తు అనుమతి ఉండాలి, బహిరంగ వేలం జరగాలి. ఆ వేలం కేవలం ఎక్కువ ధర రాబట్టడానికి పెట్టింది కాదు. ధర్మకర్త తన ఇష్టానుసారం ఒకరిని ఎంచుకోకుండా కట్టడి చేయడం దాని ప్రధాన ప్రయోజనం. 2జీ తీర్పును ఈ దృష్టితో చదివితే, 122 లైసెన్సుల రద్దుకు ఆధారం కాగ్ చెప్పిన 1.76 లక్షల కోట్ల ఊహాత్మక నష్టం కాదని అర్థమవుతుంది. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో, ‘ముందు’ ఎవరన్నది నిర్ణయించే వెసులుబాటు శాఖకే ఉండడం అసలు దోషం. విధాన నిర్ణయాలలో న్యాయసమీక్షకు చోటు లేదన్న ప్రభుత్వ వాదన యజమాని వాదన. న్యాయస్థానం అడిగిన లెక్క ధర్మకర్తను అడిగేది.

ఈ ఘట్టంలో ప్రభుత్వ న్యాయవాది స్థానం ఎంత ఇరుకైనదో గూలం వాహన్వతి ఉదంతం చూపిస్తుంది. 2008 జనవరి 10న శాఖ విడుదల చేసిన పత్రికాప్రకటన ముసాయిదాను సొలిసిటర్ జనరల్ హోదాలో ఆయన ఫైలు మీద ఆమోదించారు. అటార్నీ జనరల్ అయ్యాక 2012లో రాష్ట్రపతి నివేదనపై ప్రభుత్వవాదన వినిపించారు. 2013లో ప్రత్యేక న్యాయస్థానంలో ప్రాసిక్యూషన్ సాక్షిగా నిలబడి, తాను చూసిన ప్రతిని ఆ తరువాత మార్చారని చెప్పారు. ఆ విచారణ 2017 డిసెంబరు 21న నిందితులందరి విడుదలతో ముగిసింది. ఎవరు చెప్పింది నిజమన్నది ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. సలహాదారు, వాదించేవాడు, సాక్షి అనే మూడు పాత్రలు ఒకే వ్యక్తిలో కలవడానికి వీలిచ్చిన నిర్మాణమే మన విషయం. ఫైలు మీద రెండు పంక్తులు రాసే న్యాయాధికారి ఎవరికి సలహా చెబుతున్నట్టు? మంత్రికా, శాఖకా, ఆ ఆస్తి ఎవరిదో వారికా? ధర్మకర్త నియమించుకున్న వకీలు దేవుడి వకీలు కానవసరం లేదు. 2జీ వ్యవహారంలో ఆస్తి హక్కుదారుల పక్షాన మాట్లాడింది ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసినవారు. ప్రభుత్వ న్యాయవాది వారికి ఎదురుపక్షంలో నిలబడవలసివచ్చింది.

రాష్ట్రపతి నివేదనపై 2012 సెప్టెంబరు 27న అయిదుగురు న్యాయమూర్తులు ఇచ్చిన అభిప్రాయాన్ని ‘వేలం తప్పనిసరి కాదు’ అని క్లుప్తీకరించడం ఆనవాయితీ అయింది. సహజ వనరులన్నిటికీ వేలమే రాజ్యాంగం చెప్పిన దారి కాదన్నమాట నిజమే. స్పెక్ట్రం విషయంలో 2జీ తీర్పు చెప్పింది మాత్రం చెక్కుచెదరలేదు. 2జీ తీర్పు ఔచిత్యాన్ని తాము ప్రశ్నించడం లేదని అటార్నీ జనరలే చెప్పుకోవలసివచ్చింది.

సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం (ఏజీఆర్) వివాదానికి వచ్చేసరికి వాదభాష పూర్తిగా మారిపోయింది. ఇక్కడ ప్రభుత్వం ధర్మకర్తగా గాక ఒప్పందంలో ఒక పక్షంగా మాట్లాడింది. లైసెన్సు పత్రంలో ఆదాయమంటే ఏమిటో రాసి ఉంది, సంతకం చేశారు, కట్టండి అన్నది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించింది. గెలిచిన వాదన ప్రభుత్వానికే బరువయింది. బకాయిల వసూలుకు ఒత్తిడి చేయవద్దని శాఖలోని ఒక డెస్క్ ఆఫీసరు ఉత్తరం రాయడంపై 2020 ఫిబ్రవరిలో ధర్మాసనం తీవ్రంగా మండిపడింది. ఆ మార్చిలో ఇరవై ఏళ్ల వాయిదాలకు అనుమతించమని ప్రభుత్వమే కోరింది. సెప్టెంబరు 1న పదేళ్లు లభించాయి. నియంత్రణ సంస్థ రుణదాత కూడా అయినప్పుడు వచ్చే ఈ చిక్కు మనకే పరిమితం కాదు. దివాలా తీసిన నెక్స్ట్‌వేవ్ కంపెనీ బాకీ కట్టలేదని లైసెన్సులు రద్దు చేసిన అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్, అది నియంత్రణ చర్య అని వాదించి 2003లో ఆ దేశ సుప్రీంకోర్టులో ఓడిపోయింది. మన ప్రభుత్వం మరొక అడుగు వేసింది. వొడాఫోన్ ఐడియా బకాయిలను వాటాలుగా మార్చుకుని 2023లో మూడోవంతుకు, 2025లో దాదాపు 49 శాతానికి హక్కుదారు అయింది. 2025 అక్టోబరులో ఆ కంపెనీ బకాయిల పునఃపరిశీలన విషయం వచ్చినప్పుడు, ఈ వాటాను, ఇరవై కోట్ల వినియోగదారులను సొలిసిటర్ జనరల్ న్యాయస్థానం దృష్టికి తెచ్చారు. లైసెన్సు ఇచ్చినవాడు, బాకీ రావలసినవాడు, భాగస్వామి అందరూ ఆ ఒక్క గొంతులోనే పలికారు. వినియోగదారుల ప్రస్తావన వచ్చినా, అది తరంగాల హక్కుదారులుగా కాదు, ఒక కంపెనీ ఖాతాదారులుగా.

ఈ నేపథ్యంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం నాలుగవ సెక్షనును చదవాలి. ప్రజల తరఫున కేంద్రప్రభుత్వం స్పెక్ట్రానికి యజమాని అని అది చెబుతుంది. ఈ పదబంధం శూన్యంలో నుంచి పుట్టలేదు. సహజ వనరులు ప్రజలవి, చట్టరీత్యా ప్రజల తరఫున రాజ్యానివి అన్న ఆలోచన 2జీ తీర్పులోనే ఉంది. కానీ అక్కడ దాని వెంట ధర్మకర్త అన్న పదం, ఆ పదం మోసుకొచ్చే బాధ్యత ఉన్నాయి. చట్టం ఆ ఆలోచనలో మొదటి సగాన్ని తీసుకుని, రెండో సగాన్ని తీర్పులోనే వదిలింది. వేలం సాధారణ నియమం, మొదటి షెడ్యూలులోని అంశాలకు పరిపాలనాపరమైన కేటాయింపు. ఆ షెడ్యూలులో ఉపగ్రహ ఆధారిత సేవలు కొన్ని ఉన్నాయి. సాంకేతికంగా దీనికి కారణం లేకపోలేదు. ఒకే ఉపగ్రహ స్పెక్ట్రాన్ని పలువురు పంచుకోవచ్చు కనుక దాన్ని ముక్కలు చేసి వేలం వేయడం కష్టమన్న వాదన గట్టిదే. నా అభ్యంతరం మినహాయింపుపై కాదు. ఆ మినహాయింపు ఇచ్చేటప్పుడు పాటించవలసిన ధర్మకర్త నియమాలను సెక్షను భాష గుర్తుచేయకపోవడంపై. ‘తరఫున’ అన్న మాట ఎవరికి జవాబు చెప్పాలో సూచిస్తుంది గాని, ఎలా చెప్పాలో సూచించదు.

చట్టం వచ్చిన నాలుగు నెలలకు, 2024 ఏప్రిల్‌లో, పరిపాలనాపరమైన కేటాయింపు విషయంలో 2012 తీర్పును స్పష్టం చేయవలసిందిగా కేంద్రం దరఖాస్తు చేసింది. అటార్నీ జనరల్ దానిని త్వరగా చేపట్టమని ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం ముందు ప్రస్తావించారు. పన్నెండేళ్ల తరువాత స్పష్టీకరణ పేరుతో కోరుతున్నది నిజానికి పునఃసమీక్షేనన్న కారణంతో రిజిస్ట్రారు ఆ దరఖాస్తును స్వీకరించలేదు. యజమానినని చట్టంలో రాసుకున్న ప్రభుత్వం, ధర్మకర్తగా తనను కట్టిన తీర్పు నుంచి వెసులుబాటు కోరుతూ అదే న్యాయస్థానం మెట్లు ఎందుకు ఎక్కిందన్న ప్రశ్నకు ఆ దరఖాస్తు భాషలోనే జవాబు వెతకవలసి ఉంది.