చెయ్యి మారిస్తే చాలదు

కడపలో గానీ కర్నూలులో గానీ డీటీపీ దుకాణాల్లో కంప్యూటర్ పెట్టే బల్ల చాలాచోట్ల చెక్కది కాదు, కడప బండ. గోడవారగా రెండు దిమ్మెలు కట్టి మీద నల్లబండ పరిస్తే పని అయిపోతుంది. చెద పట్టదు, నీళ్లు పడినా ఉబ్బదు. ఎండాకాలం మోచెయ్యి ఆనిస్తే కాస్త చల్లగా కూడా ఉంటుంది. చిక్కంతా అంచుతోనే. బండ కోసిన అంచు కోసినట్టే పదునుగా ఉంటుంది, మౌస్ పట్టిన చేతి మణికట్టు సరిగ్గా దాని మీదే పడుతుంది. పొద్దున షటర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా అక్కడే ఉంటుంది.

పుస్తకాలకు పేజీలు కట్టడం నా పని. ఈ పనిలో కీబోర్డు మీది చెయ్యి కన్నా మౌస్ మీది చెయ్యి ముందు అలుస్తుంది. టైపు కొట్టేటప్పుడు బరువును పది వేళ్లూ పంచుకుంటాయి. పేజీ కట్టేటప్పుడు మాత్రం భారమంతా కుడిచేతి చూపుడువేలిదీ, ఆ చేతిని మోసే ముంజేతిదీ. పట్టు, లాగు, వదులు. మళ్లీ పట్టు. ముంజేతి పైకండలో సన్నటి మంట మొదలై, సాయంత్రానికి టీ గ్లాసు పట్టుకోవాలన్నా ఎడమచెయ్యి ముందుకొస్తుంది. ఈ మంటకు విరుగుడుగా నిలువు మౌస్ వాడుతున్నాను. అది ఏమిచ్చిందో, ఏమివ్వలేదో చెప్పడానికే ఈ వారం కాలమ్.

మామూలు మౌస్ పట్టుకోవాలంటే అరచెయ్యి నేలకేసి తిప్పాలి. అలా తిప్పినప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలూ ఒకదాని మీద ఒకటి మెలిపడతాయి. ఎవరికైనా చెయ్యి కలపబోయినప్పుడు అరచెయ్యి ఎలా ఉంటుందో, నిలువు మౌస్ మీద దాదాపు అలా ఉంటుంది. ఎముకలు పక్కపక్కనే నిలుస్తాయి, ముంజేతికి మెలి తగ్గుతుంది. పూర్తిగా నిలువుగా కాకుండా కొంత వాలుగా చేసేవే ఎక్కువ. లాజిటెక్ 2018లో తెచ్చిన ఎంఎక్స్ వర్టికల్‌లో ఆ వాలు 57 డిగ్రీలు. పేరున్న కంపెనీవి వేలల్లో ఉంటాయి, పేరు లేనివి వందల్లోనే దొరుకుతాయి.

నా ముంజేతి మంటకు ఇది నిజంగానే పనిచేసింది. కానీ ఇంకోచోట పేచీ పెట్టింది. మామూలు మౌస్‌లో క్లిక్ కిందికి నొక్కుతాం, బల్ల ఆపుకుంటుంది. నిలువు మౌస్‌లో నొక్కు పక్కకు పడుతుంది. పట్టు కాస్త వదులైతే మౌస్ జరుగుతుంది, బాణం గురి తప్పుతుంది. ఇంగ్లీషు పేజీ కట్టేవాళ్లకు ఇది పెద్ద బాధ కాకపోవచ్చు. మనకు అక్షరం కింద వత్తు, పైన గుడి ఉంటాయి. పాత ఫాంట్లలో వాటిని విడిగా పట్టి జరపాల్సి వస్తుంది. పక్క దుకాణంలో పనిచేసే అమ్మాయికి నా మౌస్ ఇచ్చి చూడమన్నాను. "పట్టుకుంటే బాగానే ఉండాదన్నా, వత్తు కాడికి పోయేసరికి జారిపోతాంది" అనేసి తిరిగిచ్చింది. ఆ జారుడులో సగం ఆ పిల్ల అరచేతి కొలతది కూడా. వడ్రంగి కొడవలికి పిడి వేసేముందు పట్టుకునే చెయ్యి ఎవరిదో చూస్తాడు. మౌస్‌లు మాత్రం ఎక్కువగా ఒకే కొలతలో వస్తాయి, చిన్న చేతులకనీ ఎడమచేతివాటానికనీ చేసేవి కొన్నే. ఇక బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ ఉంది. మౌస్ కదలదు కాబట్టి మణికట్టుకూ భుజానికీ సుఖం, కానీ పనంతా బొటనవేలి నెత్తిన పడుతుంది.

ఈ నొప్పులన్నిటికీ దుకాణాల్లో ఒకటే పేరు వినిపిస్తుంది, కార్పల్ టన్నెల్. అన్నీ అది కావు. మణికట్టులో ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, మీడియన్ అనే నరమూ అందులోంచే వెళ్తాయి. అక్కడ ఒత్తిడి పెరిగితే నలిగేది నరం. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రి మెలకువొచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంది. చిటికెనవేలు తిమ్మిరైతే అది వేరే నరం, మోచేతి దగ్గర చూడాలి. బొటనవేలి మొదట్లో నొప్పయితే అది స్నాయువు తొడుగు వాపు కావచ్చు. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ గర్భిణులకూ కార్పల్ టన్నెల్ వచ్చే వీలు ఎక్కువ. రాత్రి తిమ్మిర్లున్నా, బొటనవేలి కింది కండ పలచబడుతున్నా మౌస్ కోసం కాదు, డాక్టరు కోసం వెతుక్కోవాలి.

ఆ నరం మీది ఒత్తిడిని నిలువు మౌస్ తగ్గిస్తుందా? 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో కార్పల్ టన్నెల్ రోగులకే రకరకాల మౌస్‌లిచ్చి, మణికట్టు దారిలో ఒత్తిడి కొలిచి చూశారు. నిలువు మౌస్‌తో మణికట్టు పక్కకు వంగడం తగ్గింది. లోపలి ఒత్తిడి మాత్రం తగ్గలేదు. 2003లో డెన్మార్క్ పరిశోధకులు దాదాపు ఏడు వేలమంది కంప్యూటర్ ఉద్యోగులను గమనించి, కంప్యూటర్ పని ఈ జబ్బుకు పెద్ద ప్రమాదకారణం కాదన్నారు. కీబోర్డుకూ దీనికీ సంబంధం కనబడలేదన్నారు. అయితే వారానికి ఇరవై గంటలు దాటి మౌస్ పట్టేవాళ్లలో ఆ లక్షణాలు కాస్త ఎక్కువగా కనబడ్డాయి. ఇరవై గంటలంటే మా దుకాణాల్లో బుధవారం మధ్యాహ్నానికి అయిపోతాయి.

రాతపని చేతిని తినడం కొత్తేమీ కాదు. వృత్తిరోగాల మీద ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో పుస్తకం వేశాడు. 1713లో పెంచి వేసిన కూర్పులో రాయసగాళ్ల గురించి రాస్తూ మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరుగా ఆడించడం, తప్పు పడకూడదని మనసు బిగబట్టుకోవడం. తనకు తెలిసిన ఒక దస్తావేజు లేఖరి కథ కూడా చెప్పాడు. ఆయన కుడిచెయ్యి చచ్చుపడితే పట్టుదలతో ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు ఎడమచేతికీ అదే గతి పట్టింది. మౌస్ మార్చాలనుకునే ప్రతివాళ్లూ ముందు వినాల్సిన కథ ఇది. ఆయన బరువును ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదకు మార్చాడంతే. రెంటికీ పంచలేదు, బరువు తగ్గించనూ లేదు.

పంచుకోవడం మన పాత రాతలో ఉంది. తాటాకు మీద రాసేవాడి కుడిచేతిలో గంటం ఉంటే, ఆకు పట్టిన ఎడమచేతి బొటనవేలు దానికి ఆనుగా ఉండి నడిపేది. అలాంటి తాటాకు ప్రతులనే సి.పి.బ్రౌన్ కడపలో పండితులనూ లేఖకులనూ సొంత డబ్బుతో పెట్టుకుని కాగితాల మీదకు ఎక్కించాడు. ఆయన బంగళా ఉన్న తావులోనే ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం నడుస్తోంది. మౌస్‌ను కనిపెట్టినాయన కూడా దాన్ని ఒంటిచేతి పనిగా తలచలేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో చేసిన తొలి మౌస్ ఒక కొయ్యదిమ్మ, కింద రెండు చక్రాలు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని అందరికీ చూపినప్పుడు ఎంగెల్‌బార్ట్ కుడిచేతి కింద మౌస్, ఎడమచేతి కింద అయిదు మీటల పలక ఉన్నాయి. లోకం కుడిచేతిది తీసుకుని ఎడమచేతిది వదిలేసింది.

వదిలేసినదాంట్లో కొంత ఇప్పటికీ మన కీబోర్డులోనే ఉంది. కంట్రోల్‌తో జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ ఎడమచేతి కిందే వరసగా ఉన్నాయి. కత్తిరించడం, అతికించడం, వెనక్కు తీసుకోవడం వాటితో చేస్తే కుడిచేతికి ఎంతో పని తప్పుతుంది. నాకు నిలువు మౌస్ చేసిన మేలు కన్నా ఈ నాలుగు మీటలు చేసిందే ఎక్కువ. తెర మీద బాణం వేగం కొంచెం పెంచితే చెయ్యి నడిచే దూరం తగ్గుతుంది, అది ఊరికే వస్తుంది. కుడివైపు అంకెల మీటలు లేని కీబోర్డయితే మౌస్ దగ్గరికొస్తుంది, భుజం చాచే పని ఉండదు. కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ పల్లమైతే ఒకదాంట్లో ఒకటి రెండు దూర్చుకోవడం మావాళ్లకు తెలిసిన వైద్యమే. బండ అంచు గుండ్రం చేయించడం రాయి కోసేవాళ్లకు కాసేపటి పని. అదీ కుదరకపోతే తువ్వాలు మడిచి వేసుకోవచ్చు. ఇవన్నీ అయ్యాకే కొత్త మౌస్ సంగతి.

ఇన్ని చేసినా మిగిలేది ఒకటుంది, ఆగడం. కర్నూలు రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కూర్చునే ఒక పెద్దాయన కలంతో మొదలుపెట్టి కంప్యూటరు దాకా వచ్చినవాడు. రిజిస్ట్రేషన్ శాఖలోకి కంప్యూటర్లు 1998లో వచ్చాయి. "మేం చేత్తో రాసే కాలంలో సిరా ఆరేదాకా, సాక్షులొచ్చేదాకా చెయ్యి ఊరికే ఉండేది సామీ. ఇప్పుడు అచ్చు తీసేలోపల ఇంకోడు కుర్చీలో కూర్చోనుంటాడు" అన్నాడు. వెనకటి పనిలోనే విరామం కలిసి ఉండేది, ఎవరూ ఇవ్వనక్కరలేదు. ఇప్పుడు దాన్ని అడిగి తీసుకోవాలి. 2019 అక్టోబరు 2న మొదలై రాష్ట్రమంతటా 15 వేల దాకా ఏర్పడిన గ్రామ, వార్డు సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ల పరిస్థితీ ఇంతే. సర్వర్ రానప్పుడు జనం విసుక్కుంటారు, వచ్చినప్పుడు లైను తోసుకొస్తుంది. పథకాల గడువు దగ్గరపడిన రోజున చెయ్యి ఎప్పుడు ఆపాలో ఆ చేతిది కాదు నిర్ణయం. అందుకే గంటకోసారి లేవండని ఆపరేటర్లకు చెప్పి ఊరుకోలేం. లేస్తే కసురుకోకుండా ఉండాల్సింది బల్లకు ఇవతలున్న మనం.

మా వృత్తి సంగతికొస్తే, పేజీకింతని రేటు మాట్లాడుకుంటాం. చాలాచోట్ల దిద్దుబాట్లు అందులోనే కలిసిపోతాయి. మౌస్‌కు ఎక్కువ పని పడేదే దిద్దుబాట్లలో. మొదటి ప్రూఫులో వదిలిన వత్తును మూడో ప్రూఫులో కనిపెట్టే రచయితలకూ, ఫారం అచ్చుకు పోయేముందు పేరా మార్చే సంపాదకులకూ ఆ ఖర్చు కనబడదు. దిద్దుబాట్లకు విడిగా రేటు పెట్టి చూడండి. సగం తప్పులు మొదటి ప్రూఫులోనే తేలిపోతాయి. డీటీపీ చేసే చేతికి అంతకు మించిన మౌస్ ఏ కంపెనీ చేయలేదు.