పాలిమరులలో ‘మాదీకరణము’: ఒక విమర్శ

మంగళగిరి నేతవారు ఎరిగిన రంగులలో నీలి ఒకటి. ‘ఎనిలీన్’ అను పేరు దానినుండియే పుట్టినది. ఎనిలీన్ అణువుల గొలుసైన పాలిఎనిలీన్ నేడు పేరొందిన విద్యుద్వాహక పాలిమరు.

1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్‌లు హాలోజను ఆవిరితో పాలిఎసిటిలీన్ వాహకతను కోటి రెట్లు పెంచిరి. ఇందులకే 2000లో వారికి నోబెల్ బహుమతి లభించినది. ఈ క్రియను సిలికానునందువలె ‘మాదీకరణము’ అనుచున్నారు. పోలిక సులభమే గాని పూర్తిగా సరియైనది కాదు. సిలికానులో లక్షలాది పరమాణువులకు ఒక్క మలిన పరమాణువు చాలును. అది స్ఫటికములో సిలికాను స్థానమునే ఆక్రమించును. పాలిమరునకు నూటికి కొన్ని పాళ్ళు కావలెను. అయోడిన్ ఎలక్ట్రానును లాగికొని, అయానుగా మారి, గొలుసుల నడుమ నిలుచును. ఇది ఆక్సీకరణము. పాలిఎనిలీన్‌కు ఆమ్లము చేర్చినపుడో, గొలుసులోని ఎలక్ట్రానుల సంఖ్య మారదు. ప్రోటానులు మాత్రమే చేరును. మూడు క్రియలకు ఒకే పేరు!

రోధక స్థిరాంకము విషయమునను ఇట్టి జాగ్రత్త అవసరము. అల్ప పౌనఃపున్యమువద్ద అది వేలలో కనబడవచ్చును. ఎలక్ట్రోడుల చెంత ఆవేశము పోగగుటవలనను అట్లు జరుగును. కనుక పౌనఃపున్యము తెలుపని అంకెను పదార్థగుణమని నమ్మరాదు.

‘ప్లాస్టిక్కు అవాహకము’ అను పాతపాఠమును దిద్దునపుడు, ఉపాధ్యాయులు పేరుతో ఆగక, జరిగిన క్రియ ఏదియో విద్యార్థులకు చెప్పుట మేలు.