ఊఁత, ఊడ, దిక్కు

ఆధారము, ఆశ్రయము, ఆలంబనము, ఊఁత, అండ, దిక్కు, ఆసరా: ఈ పదములను పర్యాయములుగా నొకదాని కొకటి యర్థముగా వ్రాసి విడుచుట నిఘంటుకారులకును టీకాకారులకును చిరపరిచితమైన మార్గము. యతిప్రాసలకు దగిన పదమును వెదకికొను కవి కిది యుపకారియే. పదస్వభావమును విచారించువాని కిది చాలదు.

పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున 45వ సూత్రముచే ఆధారమునకు అధికరణసంజ్ఞ చేసెను. వ్యాఖ్యాత లా యాధారమును ఔపశ్లేషికము, వైషయికము, అభివ్యాపకము నని మూడు తెఱగులుగా విభజించిరి. కూర్చున్నవానికి చాపయు, కోరికకు మోక్షమును, నూనెకు నువ్వులును ఆధారములే. చాప బరువును తాళునా, చినిగిపోవునా యను ప్రశ్న వైయాకరణునకు లేదు. క్రియకు తావేదియో యదియే యాతనికి వలయును. కావున 'కుటుంబమునకు ఆధారమైన కొడుకు' అనునప్పటి యాధారమును శాస్త్రసంజ్ఞతో కొలువరాదు.

తెలుగుపదములు వేఱొక చూపు గలవి. ఊఁత ఊను ధాతువునుండి పుట్టినది. అందలి యరసున్న ధాతువులోని నకారమునకు మిగిలిన గుర్తు. ముసలివాడు కోల నూనును, కోల యూఁత యగును. ఇందు బరువున్నది, బరువు మోపువాడు నున్నాడు. అండ యన సమీపము. అండనున్నవానికి ప్రక్కన నిలుచుటయే పని, మోయవలెనని లేదు. దిక్కు మఱియు విచిత్రము. సంస్కృతమున నది దిశ మాత్రమే, తెలుగున రక్షకుడు. 'వానికి దిక్కెవరు?' అనునప్పుడు రక్షకుడేమి చేయునో పదము చెప్పదు, ఆర్తుడు ఎటు చూచునో చెప్పును. ఇవి పర్యాయములే యైనచో ఊఁతకోలను దిక్కుకోల యనవచ్చును. అనినవా డెవడును లేడు.

ఆసరా సంస్కృతపు ఆశ్రయమే, హిందూస్థానీ తావున రూపుమాఱి వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2014లో పింఛనులకు ఆసరా యని పేరిడెను. ఆంధ్రప్రదేశమున 2020లో నొక పథకమునకు చేయూత యని పేరు పెట్టిరి. చేయూతలో ఇచ్చువాని చేయి కనబడును. ఆసరాలో పుచ్చుకొనువాడు చేరుకొను తావు మాత్రమే కనబడును. వృద్ధురాలి మర్యాద నెంచినచో మొదటి పేరే మేలు.

వృక్షవిషయమున నొక పద మీ విభాగముల కన్నిటికిని లొంగక నిలిచియున్నది. అది ఊడ. హైదరాబాదునుండి బీజాపురమునకు బోవు బాటలో మొయినాబాదు, చేవెళ్ల దాటి మన్నెగూడ వఱకు నిరుప్రక్కల వరుసదీరిన మఱ్ఱులను చూచినవారి కీ పదము చక్కగా బోధపడును. కొమ్మనుండి వ్రేలాడునంత కాలము ఊడ కొమ్మపై ఆధారపడినది. నేలనంటి వేరూని బలిసినపిమ్మట ఆ కొమ్మనే మోయును. ఆధేయమే ఆధార మగుచున్నది. అమరసింహుడు దీనిని అవరోహ మనెను. అది దిగుటను చెప్పును గాని మోయుటను చెప్పదు. ఊడ, ఊఁత యను పదములకు గల ధ్వనిసామ్యమును బట్టి రెంటికి నొకే ధాతువును కల్పించుట మాత్రము తొందరపాటు. ఆ లెక్కను 'ఊడిపోవుట' యు వాదమునకు వచ్చి నిలుచును.

భేదమును చూడగోరువారు మహబూబునగరు పిల్లలమఱ్ఱిని చూడవలెను. చెదలు తగిలి క్షీణించిన యా చెట్టునకు 2018లో చికిత్స జరుగగా, ఒరగిన కొమ్మలక్రింద కట్టడపు స్తంభములు నిలిపిరి. అవి ఊఁతలు. ఎన్ని నిలిపినను ఊడలు కావు.

చేవెళ్ల బాటను వెడల్పు చేయుటవలన మఱ్ఱులకు గలుగు హానినిగూర్చి జాతీయ హరిత ట్రిబ్యునలునెదుట వివాదము నడచినది. అప్పుడు లెక్కకు వచ్చిన చెట్లు దాదాపు తొమ్మిదివందలు. లెక్కించునది మ్రానును. పెకలించి వేఱుచోట నాటునప్పుడు కొమ్మలను, వానితోడి యూడలను నఱకి మ్రానునే కొనిపోదురు. అక్కడ నాటిన తరువాతను లెక్కలో నది యొక చెట్టే.