జన్మస్థలం అనే గడి

మా తెనాలిలో బడికి స్వర్ణోత్సవం వచ్చినా, కళాపరిషత్తుకి వార్షికోత్సవం వచ్చినా ప్రత్యేక సంచిక తప్పదు. సంచిక వేశాక అందులో ‘మన ఊరి ప్రముఖులు’ పేజీ తప్పదు. చాలాకాలంగా ఆ పేజీ నా మెడకే చుట్టుకుంటోంది. “మీ దగ్గర లిస్టు ఉంటుంది కదండీ, అదే కాస్త సర్ది ఇచ్చెయ్యండి” అంటారు కమిటీవాళ్లు, జాడీలోంచి రెండు ఆవకాయ బద్దలు తీసి పెట్టమన్నంత తేలిగ్గా.

పేరు, పుట్టిన తేదీ, చేసిన పని రాయడానికి ఇబ్బందేం లేదు. పేచీ అంతా జన్మస్థలం అనే గడి దగ్గరే.

పేచీ లేని పేర్లు కొన్ని ఉన్నాయి. చక్రపాణి అనే ఆలూరి వెంకట సుబ్బారావు 1908లో, కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలోనే పుట్టారు. 1947 జులైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ తెచ్చారు. 1952 నుంచి 1980లో పోయేదాకా దాని వచనాన్ని దిద్దినవారు కుటుంబరావు. తెలుగు పిల్లలు తరాల తరబడి చదివిన ఆ సాఫీ వాక్యం వెనక ఇద్దరు తెనాలి మనుషులున్నారని రాసేటప్పుడు నా కలం కూడా కాస్త నిక్కుతుంది, కాదనను.

అసలు చిక్కు మన ఆచారంతో వస్తుంది. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. అంటే పెద్దమనిషి జీవితచరిత్ర మొదటి వాక్యంలో కనిపించే ఊరు చాలాసార్లు ఆయనది కాదు, వాళ్లమ్మది. నెలలు నిండిన పిల్లని పుట్టింటికి తీసుకొచ్చి, పురుడు పోసి, మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తవారింటికి పంపేశాక ఆ ఊరికీ ఆ బిడ్డకీ మిగిలేది వేసవి సెలవులే. ఇక ఈ రోజుల్లో తెనాలిలో పుట్టేవాళ్ల లెక్క ఇంకో రకం. వేమూరు పిల్లలూ కొల్లూరు పిల్లలూ ఇక్కడి నర్సింగ్ హోముల్లోనే కళ్లు తెరుస్తున్నారు. మరో యాభై ఏళ్లకి నా పని చేసేవాడు ఆ ఊళ్ల గొప్పవాళ్లందరినీ తెనాలి ఖాతాలో జమ వేసుకుంటాడు. ఆ ఘనత నిజానికి ఏ ప్రసూతి వైద్యురాలికో దక్కాలి.

ఈ తిరకాసు మనకొక్కరికే అనుకోకండి. అమెరికాలో కార్ల కార్ఖానాల ఊరు డిట్రాయిట్‌లో పుట్టిన ప్రముఖుల్లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒకడు. 1927లో న్యూయార్క్ నుంచి ప్యారిస్‌కి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా విమానం నడిపినవాడు. 1902లో డిట్రాయిట్‌లో పుట్టడానికి కారణం అది వాళ్లమ్మ పుట్టిల్లు కావడం! పెరిగింది మిన్నెసోటాలో. గాడ్‌ఫాదర్ తీసిన కొపోలా 1939లో అక్కడే పుట్టాడు, వాళ్ల నాన్న ఆ ఊరి సింఫనీలో ఫ్లూటు వాయించేవాడు గనక. ఊహ తెలిసేలోపు న్యూయార్క్ చేరిపోయారు. మరి డిట్రాయిట్‌ని డిట్రాయిట్ చేసిన హెన్రీ ఫోర్డు? ఊరి బయట డియర్‌బార్న్ వైపు పల్లెలో, రైతు ఇంట పుట్టాడు. మా ఊరి పక్క బుర్రిపాలెం వాళ్లు నటుడు కృష్ణ తమ ఊళ్లోనే పుట్టాడని పట్టుబట్టినట్టే డియర్‌బార్న్ వాళ్లూ పట్టుబడతారేమో. పట్టుబట్టాలి కూడా.

నాకు ఎక్కువ పని పెట్టినవి ఇద్దరు శారదల పేర్లు. ఒకరు నటి శారద. 1945లో తెనాలిలో పుట్టారు, అసలు పేరు సరస్వతీదేవి. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అయ్యారు. అందులో రెండు, ‘తులాభారం’, ‘స్వయంవరం’, మలయాళం సినిమాలకి. 1996లో తెనాలి నుంచే లోక్‌సభకి గెలిచారు. ఈమెని జాబితాలో మొదటి వరసలో వేస్తారు, ఫొటోతో సహా. న్యాయమే.

రెండో శారద రచయిత. అసలు పేరు ఎస్. నటరాజన్. పుట్టింది తమిళదేశంలోని పుదుక్కోటలో. 1937లో, పన్నెండేళ్ల ఈడున పొట్ట చేతపట్టుకుని తెనాలి వచ్చాడు. ఇక్కడి హోటళ్లలో పనిచేశాడు. పగలంతా బల్లల దగ్గర వినిపించే తెలుగే ఆయనకి బడి. ఆ తెలుగులోనే ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలూ కథలూ రాశాడు. 1955లో, ముప్ఫయ్యో పడి అంచుల్లోనే పోయాడు. ఆయనలాగే తెనాలి హోటల్లో పనిచేసిన స్నేహితుడు ఆలూరి భుజంగరావు ‘సాహిత్య బాటసారి శారద’ అనే పుస్తకం రాసి ఉండకపోతే ఆ బతుకు మనకి ఇంత దగ్గరగా తెలిసేది కాదు. ఆ నవలలు చదవండి. నలభైల నాటి తెనాలి బజారు, మధ్యతరగతి ఇళ్ల గుట్లు, డబ్బు మనుషుల్ని ఆడించిన తీరు వాటిలో ఉన్నాయి. ఊళ్లో పుట్టినవాళ్లకి అలవాటైపోయి కనబడనివన్నీ ఆయనకి కనబడ్డాయి. అలాంటి మనిషి నా జాబితాలో చేరడానికి అడ్డం వచ్చేది ఒక్క గడి. “ఆయన మన ఊళ్లో పుట్టలేదు కదండీ” అంటారు కమిటీవాళ్లు. త్రిపురనేని రామస్వామి చౌదరి మాత్రం పుట్టారా? ఆయనది కృష్ణాజిల్లా అంగలూరు. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని, ఈ పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆయన దగ్గర రానిమాట నటరాజన్ దగ్గర ఎందుకొస్తుందో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు.

అందుకని ఆ గడి కొట్టేసి ‘ఊరితో సంబంధం’ అని రాయడం మొదలుపెట్టాను. స్థానం నరసింహారావు పేరు దగ్గర ఇది బాగా కలిసొచ్చింది. 1902లో బాపట్లలో పుట్టిన మనిషి. నటుడిగా ఎదిగింది తెనాలి శ్రీరామవిలాస సభలో. చీర కట్టి రంగం మీదికి వస్తే సత్యభామే వచ్చిందన్నారు జనం. 1956లో పద్మశ్రీ వచ్చింది. పాత గడితో అయితే బాపట్లకే దక్కాలి, ఇప్పుడు రెండూళ్లూ రాసుకోవచ్చు. రేపల్లె వైపు కావూరులో పుట్టిన తుమ్మల సీతారామమూర్తిది ఇంకో సంగతి. పుస్తకాలన్నిటిలో గుంటూరు జిల్లా కవి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊరు బాపట్ల జిల్లా. వేమూరులో పుట్టిన మాజీ ముఖ్యమంత్రి రోశయ్య గారిదీ ఇదే కథ. జిల్లాలు మారినా కావూరు కావూరే గనక ఊరి పేరు రాసి ఊరుకుంటున్నాను.

ఈసారి బాపట్లవాళ్లూ ఒక సంచికకి పేర్లు అడిగారు. ఆ ఊళ్లో పుట్టి, దేశమంతా ఇంటింటా తెలిసినదాన్ని ఎలా వదిలేస్తాను? బాపట్ల పేరునే తన పేరులో పెట్టుకున్న బీపీటీ 5204, సాంబమసూరి. అక్కడి వరి పరిశోధన కేంద్రంలో డాక్టర్ ఎం.వి. రెడ్డి రూపొందించగా 1986లో విడుదలైన సన్నబియ్యం. దాని పుట్టుక కూడా చూడండి: కోయంబత్తూరు జీఈబీ 24ని తైవాన్ టీఎన్ 1తో కలిపి, దాన్ని మలేషియా నుంచి వచ్చిన మసూరితో కలిపారు. స్థానం వారి పేరు కింద ఈ వివరమంతా రాసి పంపాను. ప్రెస్సు నుంచి కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్ని పేర్లకీ ఫొటో ఉందండీ, బీపీటీ గారిది ఒక్కటే పంపలేదు.”